కట్టినవాడి కోసం ఓ గంట

గోడకు అంటించిన పలకరాయిని వేలి కణుపుతో తడుతూ పోతే, లోపల బోలుగా ఉన్నచోట చప్పుడు మారుతుంది. నిన్న విజయవాడ పటమటలో ఓ ఫ్లాటు గోడను అలా తడుతున్నాను. రెండు మూడు రాళ్లు నిండుగా పలికాయి, ఆ తర్వాతిది ఖాళీ కుండలా మోగింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. ‘‘మళ్లీ కొట్టబ్బాయ్, ఈసారి చెవి పెట్టి’’ అని వెనక నుంచి వినబడుతుందేమోనని చూశాను. గదిలో నేనొక్కణ్ణే ఉన్నాను. ఆ మాట అనే మనిషి పామర్రు నాంచారయ్య మేస్త్రి గారు.

మా వైపు కొత్త ఇళ్లు కట్టే తాపీ మేస్త్రులకు కొదవ లేదు. నాంచారయ్య గారు మాత్రం ఇంకొకరు చెడగొట్టిన పనిని బాగుచేయడానికే వెళ్లేవారు. నీళ్లు గుమ్మం వైపు పారే స్నానాల గదులు, ఎత్తు కుదరని మెట్లు, అంచులు ఊడే వంటగట్లు ఆయన కోసం ఎదురుచూస్తుండేవి. కాంట్రాక్టర్ల కింద తాపీ పని చేసి చేసి ఆయన దగ్గర చేరేనాటికి నాకు ముప్పై దాటాయి. పదో తరగతితో బడి మానేసినా, శాఖా గ్రంథాలయంలో కట్టుబడి పనుల మీదున్న పుస్తకాలన్నీ చదివేశాను. ‘‘ఇంక నీకివ్వడానికి వంటల పుస్తకాలే మిగిలాయయ్యా’’ అని గ్రంథాలయాధికారి అన్న మాటను కనబడిన ప్రతివాళ్లకూ చెప్పుకున్నాను. చేరిన మొదటి రోజే, సిమెంటులో నీళ్లు ఏ పాళ్లలో కలపాలో మేస్త్రి గారికి అప్పజెప్పాను. ఆయన కలిపిన సిమెంటు మాలు గుప్పెట్లోకి తీసుకుని పిండి చూసి, ‘‘ఆ పుస్తకం రాసినాయనకి మన మే నెల ఎండ తగిలిందంటావా?’’ అన్నారు. పక్కనున్న కూలీలు నవ్వారు. నాకు తల తీసేసినట్టయింది. కానీ సాయంత్రం చేతులు కడుక్కుంటూ ఆయనే, ‘‘నిన్న రాత్రి ఏం చదివావో చెప్పు, వింటాను’’ అని అడిగారు. అప్పటిదాకా నా చదువు గురించి నేను చెప్పడమే తప్ప, అడిగినవాళ్లు లేరు. అప్పటినుంచి నాకు ఆ సాయంత్రాలే తోడు.

ఆయనకో పద్ధతి ఉండేది. చెడిన పని మీద సుత్తి వేయకముందే, అది కట్టినవాడి ఫోన్ నంబరు ఇంటివాళ్లను అడిగి తీసుకునేవారు. ‘‘బాబూ, నువ్వు కట్టింది విప్పుతున్నాం. వీలుంటే వచ్చి చూసుకో’’ అని చెప్పి, ఓ గంట పని మొదలుపెట్టకుండా కూర్చునేవారు. చాలామంది తిట్టి పెట్టేసేవారు. నాకు తెలిసి ఒకే ఒక్కడు వచ్చాడు, వచ్చి గోడ పక్కన నిలబడి ఏడ్చాడు. ‘‘ఎందుకండీ ఈ గంట దండగ?’’ అన్నాను ఓసారి. ‘‘పని ఎక్కడ చెడిందో తెలీకపోతే వాడు రేపు ఇంకో ఇంట్లో అదే చేస్తాడబ్బాయ్. అందర్నీ బాగుచెయ్యడానికి నాకెన్ని చేతులున్నాయి?’’ అన్నారాయన.

ఒక ఉదయం హనుమాన్ జంక్షన్ దగ్గర పనుందని నన్ను బండెక్కించుకున్నారు. ఎవరిల్లో చెప్పలేదు, నేనూ అడగలేదు. గేటు ముందు ఆగాక గుర్తుపట్టాను. చేపల చెరువుల ఆసామి ఇల్లు అది. ఏడేళ్ల కిందట ఓ కాంట్రాక్టరు కింద నేను పనిచేసిన ఇల్లు. ఆ ఇంటి ఇల్లాలు ఊటీలో ఓ హోటల్లో, చలికి గోడలో మంట వేసుకునే రాతి ఫైర్‌ప్లేస్ చూసి ముచ్చటపడి, తమ హాల్లోనూ అలాంటిది కావాలన్నారు. మన ఉక్కలో మంటెవరు వేస్తారు? లోపల ఎర్ర బల్బు వెలుగుతుంది, పైన ఏసీ నడుస్తుంది. చుట్టూ నిలువెత్తున రాళ్లు పేర్చింది నేను. గృహప్రవేశం ముంచుకొస్తోందని కాంట్రాక్టరు తరిమితే, రాళ్లను నానబెట్టలేదు, వెనకనున్న దుమ్ము కడగలేదు. రాయి వెనకంతా పట్టించకుండా ఐదు ముద్దల మాలు పెట్టి గోడకు నొక్కేశాను. అలా చేయకూడదని ఏ పుస్తకంలో ఏ పేజీలో ఉందో కూడా నాకు తెలుసు.

అప్పట్లో తలగుడ్డ చుట్టుకున్న పదిమందిలో ఒకణ్ణి కాబట్టి వాళ్లు నన్ను పోల్చుకోలేదు. ఇల్లాలు కుంటుకుంటూ టీ తెచ్చారు. ‘‘పై రాయి ఊడి పాదం మీద పడిందండీ. ఎముక అతుక్కుంది గానీ నడక మునుపటిలా లేదు’’ అన్నారు. మేస్త్రి గారు కాంట్రాక్టరుకు ఫోన్ చేశారు. ‘‘ఎవడు కట్టాడో ఇప్పుడెవడికి గుర్తండీ?’’ అన్నాడతను. మేస్త్రి గారు ఫోన్ జేబులో పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నారు.

‘‘ఇంకెవరొస్తారు మేస్త్రీ? కానివ్వండి’’ అన్నాడు ఆసామి.

‘‘చూద్దాం బాబుగారూ. ఓ గంటేగా.’’

ఆ గంటసేపూ నేను మాట్లాడుతూనే ఉన్నాను. చలిదేశాల్లో పొగగొట్టాలు ఎలా కడతారో, పొగ పైకెందుకు పోతుందో ఆసామికి వివరించాను. ‘‘మీవాడు బాగా చదువుకున్నట్టున్నాడే!’’ అన్నాడాయన. చెప్పాల్సిన ఒక్క మాట తప్ప అన్నీ చెప్పాను.

మొదటి రాయి విప్పగానే ఐదు ముద్దలూ అలాగే కనబడ్డాయి. నాది ఎడమచేతి వాటం. తాపీ గీతలన్నీ అందరివాటికీ ఎదురుగా తిరిగి ఉన్నాయి. మేస్త్రి గారు ఆ గీతల మీద వేలు నడిపారు. నా ఎడమచేతిలోని తాపీని చూశారు. ‘‘రాళ్లు నీళ్లలో వెయ్యి’’ అన్నారు, అంతే.

మూడు రోజుల్లో పని ముగిసింది. తిరిగి వస్తూ జంక్షన్‌లో టీకి ఆగినప్పుడు, ‘‘అది నేనేనండీ’’ అన్నాను.

‘‘నాకెందుకు చెబుతావ్? నా కాలు బానే ఉందిగా.’’

‘‘రేపెళ్లి ఆవిడకి చెబుతానండీ.’’

‘‘వెళ్లు. నేను మాత్రం తోడు రాను.’’

నేను వెళ్లలేదు. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు. సాయంత్రాలు ఎప్పటిలాగే ‘‘ఏం చదివావు?’’ అని అడిగేవారు, నేనే చేతులు కూడా కడుక్కోకుండా ఇంటిదారి పట్టేవాణ్ణి. చివరికి విజయవాడలో పనులు ఎక్కువున్నాయని వంక పెట్టి, ఆటోనగర్ వెనక ఓ గది అద్దెకు తీసుకుని వచ్చేశాను. రెండుసార్లు ఫోన్ చేశారు. పనిలో ఉన్నానన్నాను. ఆయన పోయారని నాకు తెలిసేసరికి పెద్దకర్మ కూడా అయిపోయింది.

కబురు తెలిసిన మర్నాడు హనుమాన్ జంక్షన్ వెళ్లాను. ఆవిడ గుమ్మంలోనే నిలబడి, నేను చెప్పిందంతా విన్నారు.

‘‘నువ్వా? ఆ పెద్దాయన పని ఆఖరి రోజున అననే అన్నాడు. ‘కట్టినవాడు ఎప్పుడో ఒకప్పుడు వస్తాడమ్మా, వస్తే కాస్త కూర్చోబెట్టండి’ అని. ఇన్నాళ్లు పట్టిందా?’’ అని కుర్చీ చూపించారు. నేను కూర్చున్నాక అడిగారు, ‘‘ఆయన కులాసానా?’’

ఆ జవాబు చెప్పడం, చేసిన తప్పు చెప్పడం కన్నా కష్టమైంది.

ఇప్పుడు నేనూ చెడిన పనులే బాగుచేస్తున్నాను. కట్టినవాళ్లకు ఫోన్ చేస్తాను, గంటసేపు ఒక్కణ్ణే కూర్చుంటాను. పుస్తకం వెంట ఉన్నా ఆ గంటలో తెరవను. ఇంకో అలవాటు నాకై నేను చేసుకున్నాను. ఏ ఇంట్లోనైనా నేను పెట్టే మొదటి రాయి వెనక, మాలు పట్టించకముందే, నా పేరూ ఫోన్ నంబరూ ఉలితో చెక్కుతాను. ఎప్పుడైనా ఎవరైనా దాన్ని విప్పాల్సి వస్తే, నన్ను పిలవడానికి.