వరుసలో రుమాళ్ళు విప్పినవాళ్ళు

1964 ఎండాకాలం. నల్గొండలో సర్వే శాఖలో చేరి అప్పటికి మూడేళ్ళయింది. పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివాను. గొలుసుతో భూమి కొలిచి, ఆ కొలతలను ఫీల్డ్ బుక్‌లో, అంటే మా కొలతల పుస్తకంలో, బొమ్మ గీసి రాయడం నా పని. అయితే ఎన్నికలొచ్చాయంటే ఏ శాఖ ఉద్యోగి అయినా ఎన్నికల మనిషే. ఆ ఏడు పంచాయతీ ఎన్నికల్లో నన్ను ప్రిసైడింగ్ ఆఫీసరుగా వేశారు. పోలింగ్ గదికి పెద్దదిక్కు అన్నమాట. సర్వే పనిలో మరచిపోలేని కేసేదని ఎవరైనా అడిగితే, గొలుసు ముట్టని ఈ ఒక్కరోజే నాకు ముందు గుర్తొస్తుంది.

ఆ ఊరు జిల్లాకు చివర ఉంది. పక్కనే వాగు, వాగు దాటితే పాలమూరు జిల్లా. ఊళ్ళో దొరకు వాగుకు ఇటూ అటూ కూడా భూములున్నాయి. ఆ భూముల్లో పనంతా జీతగాళ్ళది. నెల తిరిగితే చేతికొచ్చే జీతం కాదిది. తాత చేసిన చోటే తండ్రి, తండ్రి చేసిన చోటే కొడుకు దొర కొట్టంలో కట్టుబడి బతకడాన్ని ఇక్కడ జీతం ఉండటం అంటారు. అయిదేళ్ళ కిందట నలభై ఇళ్ళవాళ్ళు ఆ జీతం వదిలి, ఊరికి రెండు మైళ్ళ దూరాన గుట్ట మీది సర్కారు బంజరులో గుడిసెలు వేసుకున్నారు. ఆ గుడిసెల జాగాకే గూడెం అని పేరొచ్చింది. గొర్రెలు పెంచారు, రాతిలో బావి తవ్వారు. ఆ ముందటి చలికాలంలో ఆ జాగాను కొలిచింది నేనే. వాళ్ళు నన్ను 'గొలుసు సారు' అనేవారు; నేను మాత్రం ముఖాలకంటే కొలతలే గుర్తుపెట్టుకున్నాను.

అప్పట్లో సర్పంచిని వార్డు మెంబర్లు ఎన్నుకునేవారు. మిగతా వార్డులు చెరిసగమయ్యేలా ఉన్నాయి. గూడెం వార్డు ఎవరిదైతే సర్పంచి పదవి వాళ్ళది. అందుకే దొర తానే ఆ వార్డులో నిలబడ్డాడు. గెలిస్తే గూడెం బావీ, మేత భూమీ పంచాయతీ చేతికొస్తాయనీ, ఇంటికో మనిషిని కొట్టంలో జీతం పెట్టినవాళ్ళకే నీళ్ళూ మేతా అనీ ముందే చాటించాడు. ఆ నెలలోనే ఎవరో గూడెం గొర్రెల దొడ్డికి నిప్పుపెట్టారు. ఇంకెవరో బావి గిలక విరగ్గొట్టారు.

దొర మీద నిలబడినవాడు ఎల్లయ్య. పదిహేనేళ్ళు జీతం ఉండి వచ్చిన మనిషి. పోలింగుకు ముందురోజు సాయంత్రం నేను గూడెం వార్డు పోలింగ్ పెట్టే ఊరి బడికి చేరి సామాను లెక్క చూసుకుంటుంటే వచ్చి గడప బయట నిలబడ్డాడు.

"గెలిస్తే గెలిచినం సారు. ఓడితే నా పెండ్లాం మళ్ళ దొర గడీల పెండ తియ్యాలె."

"ఎల్లయ్యా, నువ్వు అభ్యర్థివి. నాతో ఇట్లా మాట్లాడకూడదు."

"మాట్లాడలే అనుకో సారు," అని నవ్వి వెళ్ళిపోయాడు.

పొద్దున ఎనిమిదింటికి తలుపు తీశాను. బ్యాలెట్ పెట్టె, లక్క, సీలు, సిరా సీసా, ఓటర్ల జాబితా, పెన్సిళ్ళు రెండు. అన్నిటికీ నా కాగితంలో టిక్కులు పడ్డాయి. వరుస కూడా ముచ్చటగా ఉంది. నెత్తికి రుమాళ్ళు చుట్టుకున్న మగవాళ్ళు, గొడవా గోలా లేకుండా.

"పేరు?"

"మల్లేశం."

"తండ్రి పేరు?"

"కొమురయ్య."

"వయసు?"

"ముప్పై నాలుగు."

జాబితాలో చూస్తే ముప్పై నాలుగే. తర్వాతివాడు నలభై ఒకటన్నాడు, నలభై ఒకటే. ఇంత కచ్చితంగా జవాబు చెప్పే జనాన్ని నేను పట్నంలో కూడా చూడలేదు. మనసులోనే ఆ ఊరిని మెచ్చుకున్నాను. తొమ్మిదిమంది వేలికి సిరా పూయించుకుని ఓటు వేసి వెళ్ళారు.

తొమ్మిదింటికి గూడెంవాళ్ళు వచ్చారు. ఒంటి నిండా ముళ్ళ గీతలు, కాళ్ళకు వాగు ఇసుక. వాళ్ళ పోలింగ్ ఏజెంటు, అంటే అభ్యర్థి తరఫున గదిలో కూర్చుని ఓటర్లను గుర్తుపట్టే మనిషి, లచ్చవ్వ. అరవై దాటిన గొర్రెల కాపరి. వేలిముద్ర వేసిన ఏజెంటు కాగితాన్ని నా బల్ల మీద పెట్టింది.

"ఇంత ఆలస్యమేంటి?" అన్నాను.

"బాటకు అడ్డం కంప కొట్టిండ్రు సారు. కట్టెలు పట్టుకొని నిలబడ్డరు. వాగుల దిగి చుట్టు తిరిగొచ్చినం. ఏం, మేం వచ్చేదాంక నీ పెట్టె ఆగదా?"

ఆగదని చెప్పి, గూడెంనుంచి వచ్చిన మొదటి ఓటరును పిలిచాను. నర్సయ్య అనే ముసలాయన.

"వయసు?"

"గదేం ఎరుక సారు? రజాకార్లు వచ్చినప్పటికే నాకు మీసాలు నెరిసినయ్."

ఆయన వెనకాల మనిషి "నా తమ్మునికన్న పెద్ద" అన్నాడు. ఆ వెనకాల ఆమె "నువ్వే చూసి రాస్కో" అంది. నా పెన్సిల్ ఆగిపోయింది. తమ వయసు ఏడాదితో సహా తెలిసినవాళ్ళు ఆ గుట్ట మీద ఎవరూ లేరు. అది ఎవరో జాబితా చూసి నేర్పితే తప్ప రాదు. పొద్దుటినుంచి నాకు బాగా నచ్చిన తొమ్మిది జవాబులూ దొంగవే.

ఈలోగా లచ్చవ్వ బెంచీ మీదికెక్కి కూర్చుని వరుస చివరిదాకా చూసింది.

"సారు, గీ ముగ్గురెవరు? గా వెనక గుంపంత ఎవరు?"

దొర తరఫు ఏజెంటుగా పొద్దుటినుంచీ గదిలో కూర్చున్నది దొర మున్షీ. లెక్కలు రాసే మనిషి. "గూడెపోళ్ళే. ముసల్దానివైనవు, కండ్లు కనపడ్తలేవు," అన్నాడు.

"రెండొందల గొర్లల ఏది ఎవరిదో మొకం చూసి చెప్తరా నేను. మనుషులను గుర్తుపట్టనా?" అని, వరుసలో ఒక పొడుగాటి మనిషి వైపు చెయ్యి చూపింది. "నీ పేరేంది బిడ్డా?"

"బీరయ్య," అన్నాడు ఆ మనిషి నేల చూస్తూ.

"మా బీరయ్య మందను తోల్కొని కృష్ణ ఒడ్డుకు పోయి నెలాయె. వాడు నా అల్లుడు!"

ఆడవాళ్ళ వరుసలోంచి ఒకామె గట్టిగా అంది: "అవ్వా, నా మొగడు గింత పొడుగు ఎప్పుడైండే?"

వరుసంతా నవ్వింది. దొంగ బీరయ్య కూడా నవ్వబోయి ఆపుకున్నాడు.

అప్పుడు సంగతంతా అర్థమైంది. ఎండాకాలం మేతకోసం మందలతో వెళ్ళిన గూడెం మగవాళ్ళ పేర్ల మీద, వాగవతలి జీతగాళ్ళను లారీలో తెచ్చి నిలబెట్టారు. ఇలాంటప్పుడు చేయాల్సింది ఛాలెంజ్. ఏజెంటు ఓటరును కాదన్నప్పుడు ఆఫీసరు అక్కడే విచారించి తేల్చడం. కానీ లచ్చవ్వ కాదన్న ప్రతివాణ్ణీ మున్షీ అవునంటున్నాడు. ఒక్కొక్కరికి పావుగంట పట్టినా సాయంత్రం అయిదులోపు తేలదు. బయట కట్టెలవాళ్ళు బడి గోడదాకా వచ్చేశారు. నాకున్నది ఇద్దరు కానిస్టేబుళ్ళు, అందులో ఒకరు చాయ్‌కి వెళ్ళారు. గొడవైతే పోలింగ్ ఆగుతుంది. మళ్ళీ పెట్టే రోజుకు ముళ్ళకంప వాగులో కూడా పడుతుంది. నా దగ్గరున్న నిబంధనల పుస్తకాన్ని రెండుసార్లు తిరగేశాను. అందులో దీనికి మందు లేదు.

మందు జీపులో వచ్చింది.

అభ్యర్థికి పోలింగ్ గదిలోకి వచ్చే హక్కుంటుంది. తన మనుషులకు ధైర్యం చెబుదామనుకున్నాడో, గూడెంవాళ్ళను భయపెడదామనుకున్నాడో, పదకొండింటికి దొర స్వయంగా వచ్చాడు. గేటు దగ్గర దిగి ఒక్కసారి దగ్గాడు.

అంతే. వరుసలో ఇరవైమందికి పైగా మగవాళ్ళు ఒకేసారి చెప్పుల్లోంచి కాళ్ళు తీశారు. నెత్తి మీది రుమాలు విప్పి నడుముకు చుట్టుకున్నారు. వంగి, చేతులు కట్టుకుని పక్కకు జరిగారు. ఎవరూ చెప్పలేదు. దొర ఎదురుపడితే జీతగాడు చేయాల్సింది అదే; చిన్నప్పటినుంచీ ఒళ్ళు నేర్చుకున్న పని. మున్షీ వాళ్ళకు పేరు నేర్పాడు, తండ్రి పేరు నేర్పాడు, వయసు నేర్పాడు. ఇది మాన్పించాలని ఆయనకూ తోచలేదు. ఆయనా అప్పటికే లేచి నిలబడి రుమాలు విప్పుతున్నాడు.

గూడెంవాళ్ళు మాత్రం ఉన్నవాళ్ళు ఉన్నట్టే నిలబడ్డారు. జీతం వదిలి గుట్టెక్కిన రోజే, ఇక ఎవరికీ రుమాలు విప్పొద్దని నలభై ఇళ్ళూ మాట అనుకున్నాయట. గొర్రెలు నీళ్ళకాడ మందలుగా విడిపోయినట్టు, నా కళ్ళముందే వరుస రెండుగా విడిపోయింది.

లచ్చవ్వ బెంచీ మీద చరిచి నవ్వింది. "ఇగ చూసుకో సారు! దొరనే వచ్చి తన మందను ఏరుకుంటుండు!" అంతలో ఓటు వేసి బయట నిలబడ్డ నర్సయ్య మీద ఆమె చూపు పడింది. పాత అలవాటు చొప్పున ఆయనా రుమాలు విప్పేశాడు. "ఓ నర్సిగా! చుట్టుకో నెత్తికి! లేకుంటె నిన్ను గూడ లారెక్కిస్తరు!"

నర్సయ్య కంగారుగా చుట్టుకోబోతే అది ముఖం మీదికి జారింది. చూసి నాకే అనుమానమొచ్చింది. అలవాటు సాక్ష్యం కాదు కదా. పిలిచి అడిగాను.

"నర్సయ్యా, బావి నీ ఇంటికి ఎటువైపు?"

"నన్నడుగుతవా సారు? నువ్వే గద నా పొయ్యి మీదికెల్లి గొలుసు గుంజి కొలిచినవు! అంబలి కుండ పగలలేదా?"

నిజమే, పగిలింది. ఆయన ఓటరే.

దొరకు అప్పటికి అర్థమైంది. ముఖం ఎర్రబడింది. "ఏందిరా ఇది? చుట్టుకోండ్రిరా నెత్తికి!" అని అరిచాడు.

దొర ముందు రుమాలు చుట్టుకొమ్మని దొరే అంటే ఏం చేయాలో వాళ్ళకు తెలియలేదు. కొందరు చుట్టుకున్నారు. కొందరు ఇంకా వంగారు. ఒకడు చుట్టుకుని, భయపడి విప్పి, మళ్ళీ చుట్టుకున్నాడు. కానిస్టేబుల్ చాయ్ గ్లాసుతో తిరిగొచ్చి, ఆ దృశ్యం చూసి గేట్లోనే ఆగిపోయాడు.

నేను గడప మీదికొచ్చి, నిబంధనను నెమ్మదిగా, అందరికీ వినిపించేలా చెప్పాను. ఇంకొకరి పేరుతో బ్యాలెట్ అడిగితే నేరం. నా బల్ల దాకా వచ్చి అడగనంతవరకు ఎవరూ ఏ నేరమూ చేసినట్టు కాదు. ఇప్పుడు వరుస వదిలి పోయేవాళ్ళ పేరు రాసుకోను. మిగిలినవాళ్ళను ఒక్కొక్కరినీ ఇంటి జాడ అడుగుతాను. గూడెం కొలతల పుస్తకం నా సంచిలోనే ఉంది.

పొడుగాటి మనిషి చెయ్యెత్తాడు. "అడగక ముందే పోతే కేసు లేదా సారు?"

"లేదు."

"మరి నేను బీరయ్యను కాను. సాయన్నను." ఆడవాళ్ళ వరుస వైపు తిరిగాడు. "ఫికర్ చెయ్యకు చెల్లె. నీ మొగడు కృష్ణ ఒడ్డుకే ఉన్నడు." తర్వాత రుమాలు తీసి బాగా దులిపి, రెండు చుట్లు ఎక్కువే వేసి నెత్తికి చుట్టుకున్నాడు. "దొర హుకుం గదా. ఇగ తియ్యొద్దు."

అతని వెనకే మిగతావాళ్ళంతా బడి గోడ నీడలోకి వెళ్ళి కూర్చున్నారు. గూడెం ఆడవాళ్ళు వాళ్ళకు మంచినీళ్ళు పోశారు. కట్టెలవాళ్ళు దొర ముఖం చూశారు. దొర జీపెక్కాడు. ఇక కొట్టడానికి ఎవరి మీద పడాలో వాళ్ళకూ తోచినట్టు లేదు.

అయిదింటికి తలుపు మూసి, అక్కడే ఓట్లు లెక్కపెట్టాం. పొద్దుట నేను మోసపోయిన తొమ్మిది ఓట్లనూ పెట్టెలోంచి వేరుచేసే వీలు లేదు. అవి దొరకు పడే ఉంటాయి. అయినా ఎల్లయ్య పదకొండు ఓట్ల తేడాతో గెలిచాడు. ఫలితం చదివితే బయట కిరసనాయిల్ డబ్బా మీద దరువు మొదలైంది. ఎల్లయ్య మాత్రం అరుగు మీద కూలబడ్డాడు. పక్కన నిలబడ్డ భార్య అతని భుజం తట్టింది.

"లే. గొర్లకు నీళ్ళు పెట్టాలె."

"పెడదాం," అన్నాడతను. "మన బాయే గద."

నేను పెట్టెకు లక్క సీలు వేస్తుంటే లారీ హారన్ మోగింది. "ఎక్కుండ్రి!" అని మున్షీ అరిచాడు. చాలామంది ఎక్కారు, వాళ్ళ పెళ్ళాం పిల్లలు వాగవతల ఉన్నారు. ఏడుగురు కదల్లేదు.

"మేం నడిచొస్తం," అన్నాడు సాయన్న.

లారీ వాగు వైపు వెళ్ళింది. ఏడుగురూ నడిచారు, కానీ గుట్ట వైపు. డబ్బా దరువు వాళ్ళ ముందు నడిచింది. తర్వాతి నెలలో రెండు రాత్రుల్లో వాగు దాటి వాళ్ళ కుటుంబాలు కూడా వచ్చేశాయని, ఆ ఎండాకాలం పోకముందే గూడెంలో గుడిసెలు పెరిగాయని విన్నాను. మెంబర్లు కూర్చుని ఎల్లయ్యను సర్పంచిని చేశారు.

ఆ రోజునుంచి నా పని పద్ధతి ఒకటి మారింది. జాబితా తెరిచే ముందు ఎదుట నిలబడ్డ మనుషులను కాసేపు చూస్తాను. కాగితంతో అచ్చు సరిపోయే జవాబు వినగానే సంతోషపడకుండా, ఇంకో ప్రశ్న వేస్తాను. ఇది పాలిటెక్నిక్‌లో చెప్పలేదు.

ప్రిసైడింగ్ ఆఫీసరు తన డైరీ నింపి పై ఆఫీసుకు పంపాలి. అందులో గడులన్నీ నింపాను. నా తొమ్మిది తప్పులు కూడా వరస నంబర్లతో రాశాను. చివర ఖాళీ జాగాలో 'పోలింగ్ ముగిశాక ఏడుగురు లారీ ఎక్కలేదు' అని రాసి సంతకం చేశాను. వారం తర్వాత డైరీ తిరిగొచ్చింది. ఆ వాక్యం కింద ఎర్ర సిరాతో గీత. 'ఇది ఎన్నికలకు సంబంధించిన విషయం కాదు. తొలగించగలరు' అని ఉంది.

ఉద్యోగంలో చేరాక పై ఆఫీసు మాట కాదనడం అదే మొదటిసారి. దాని కిందే నీలం సిరాతో 'సంబంధించినదే' అని రాసి, తేదీ వేసి, తిరిగి పంపాను.