మేనత్త ప్రయాణం

రుస్తాఖ్ దగ్గరి వ్యవసాయ పరిశోధన క్షేత్రంలో కోరుట్ల గంగన్నది మళ్లకు నీళ్లు పెట్టే డ్యూటీ. తొంభై మూడులో ఆ క్షేత్రానికి పెద్ద గౌరవం దక్కింది. ఎనిమిది దేశాల గోధుమలను, ఒమాన్ కొండరైతుల పాత గోధుమను పక్కపక్కన విత్తి ఏది నిలుస్తుందో చూస్తారు. ఎవరూ తమ గింజ వైపు మొగ్గకుండా విత్తనపు పొట్లాల మీద అంకెలే వేశారు. ఏ అంకె ఏ దేశానిదో చెప్పే కాగితం, పంట చూసి మార్కులు వేయడానికి ఆ దేశాల నుంచి వచ్చే అతిథుల దగ్గర సీలు వేసిన కవరులో ఉంది. తమ గోధుమ తట్టుకుంటే ఇకపై దేశాలన్నిటితో కలిసి పనిచేయొచ్చని ముదీరు ఆశ. ముదీరంటే అక్కడి పెద్దాఫీసరు.

గంగన్నకు అంకెలు రుచించలేదు. అంకెను పలకరించేదెలా? అందుకని విత్తిననాడే తొమ్మిది మళ్లనూ పెళ్లిబంతిలో చుట్టాల్లా కూర్చోబెట్టాడు. మొదట పెద్దనాయిన, ఆ పక్కన మేనత్త, అట్టట్టా చిట్టచివర తాగుబోతు బావమరిది. రోజూ నీళ్లు వదులుతూ ఒక్కొక్కరి బాగోగులు అడిగేవాడు. ఒకసారి "ఎండకు మేనత్త సొమ్మసిల్లింది, నీళ్లు పోసి లేపిన" అని ఇంటికి జాబు రాస్తే, భార్య కమలవ్వ రొట్టెలు మూటగట్టుకొని అసలు మేనత్త ఇంటికి ఉరికింది.

అతిథులు రేపు వస్తారనగా మధ్యాహ్నం ఉరుము లేకుండా వాన దిగింది. ఆ దేశంలో వానంటే పండుగే. ముదీరు తెల్లని పొడుగు అంగీతోనే బయటికొచ్చి చేతులు చాచాడు. మళ్ల లెక్కలు చూసే కడప వజీరు చెప్పులు విసిరేసి చిందులేశాడు. గంగన్న ముఖం పైకెత్తి తమ రాజన్న దేవుడికి దండం పెట్టుకొని, ఆపైన తానూ గెంతాడు.

వాన వెలిశాక వజీరు ఉన్నచోటే ఆగిపోయాడు.

"గంగన్నా, మళ్లకాడ నంబర్ల అట్టలు చూడు."

"సక్కగ కడిగినట్టున్నయి వజీర్ సాబ్."

"కడిగింది నా బతుకునయ్యా. ఈ దేశంలో వాన యాడిదిలే అని సిరాతో రాసినా." జేబులోంచి, ఏ మడిది ఏ నంబరో గీసుకున్న పటం తీశాడు. అది ముద్దయి చేతికి అంటుకుంది. "నంబరు లేని మడిని వాళ్లు చూడరు. తెల్లారేసరికి నంబర్లు లేకుంటే ఏడాది పనంతా మట్టే. నన్ను టికెట్టిచ్చి ఇంటికి తోలతారు."

గంగన్న తల గోక్కున్నాడు. "ఖాళీ పొట్లాలైతే నా తాన ఉన్నయి."

"అవెందుకు దాచినావు?"

"గింజ ఉన్న కాయితం కాళ్ల కింద పడితే పాపం గాదా?"

గంగన్న రూములో రాజన్న పటం వెనకున్న బిస్కెట్ డబ్బా మళ్ల దగ్గరికి వచ్చింది. పైనున్న పొట్లం ముందు నాలుగువందల పదిహేడు అని అంకె ఉంది. వెనక పెన్సిలుతో, గంగన్న రాతలో, తెలుగులో, మేనత్త. తొమ్మిదింటి వెనకా ఒక్కో చుట్టం.

వజీరు నోరు తెరిచాడు. "ఈయమ్మ యాడుంది?"

"పెద్దనాయిన పక్కకే. పొద్దుగాల గూడ మాట్లాడిన."

"బావమరిది?"

"అగో ఆ కొసకు. వానకు పడుకున్నడు సూడు."

వజీరు నవ్వి నవ్వి బురదలో కూలబడ్డాడు. విషయం హిందీలో విన్న ముదీరు మాత్రం నవ్వలేదు. పొట్లాలు కలిపేసి ఒక్కొక్కటే చూపించాడు. గంగన్న తడుముకోకుండా ప్రతిసారీ అదే మడి ముందు నిలబడ్డాడు. మూడుసార్లయ్యాక ముదీరు లోపలికెళ్లి కాఫీ, ఖర్జూరాలు తెచ్చి గంగన్నకు తన చేత్తో వడ్డించాడు. వజీరు కొత్త అట్టల మీద అంకెలు రాశాడు, ఈసారి పెన్సిలుతో.

పొద్దున అతిథులు మడి మడీ తిరిగి మార్కులు వేశారు. వానకు నాలుగు రకాలు వాలాయి. నాలుగువందల పదిహేడు నిటారుగా నిలబడి రెండో స్థానం తెచ్చుకుంది. కవరు తెరిస్తే అది కొండరైతుల గోధుమ. వచ్చే ఏడాది తమ ఎనిమిది దేశాల్లోనూ దాన్ని విత్తుతామని, గింజలు పంపమని అతిథులు అడిగారు. ముదీరు వజీరు భుజం పట్టుకున్నాడు.

కోతలయ్యాక పొట్లాలు కట్టే పని గంగన్నకే వచ్చింది. ఎనిమిదింటి మీదా వజీరు అంకె రాసిచ్చాడు. గంగన్న ప్రతి పొట్లాన్నీ తిప్పి, వెనక పెన్సిలుతో మేనత్త అని రాసి, కళ్లకద్దుకున్నాడు.

"అక్కడ తెలుగెవురు చదువుతారయ్యా?" అన్నాడు వజీరు.

"సదవకపోతేంది సాబ్. ఊరు దాటనామె, కొత్తతావుకు పోతున్నది. పేరన్న తోడుండాలె గద."