కాలిన తోటకు ముందు వంతు

పదిహేనేళ్ళు దాటింది. ఈ మాట నాతో పాటే తిన్నది, నాతో పాటే పడుకుంది. మోసి మోసి విసుగొచ్చింది. ఇవాళ మీకు చెప్పేస్తున్నాను. ఏడ్చి మెప్పించడానికి కాదు. ఏడుపు నాకు చేతకాదు.

నా చెరుకుకు నిప్పు పెట్టింది నేనే.

మాది బోధన్ పక్కన ఒక ఊరు. నిజాంసాగర్ కాలువ నీళ్ళు, ఎటు చూసినా చెరుకే. నా మొగుడు పోయాక రెండెకరాల తోట నా నెత్తిన పడింది. చెరుకు నరకడానికి ఏటా మహారాష్ట్ర నుంచి కూలీల ముఠా వచ్చి మా గట్ల మీద గుడిసెలు వేసుకునేది. ఎవరి తోట ముందు నరకాలో పటేలు చావడి దగ్గర తేల్చేవాడు. మొగదిక్కు లేని తోట ఎప్పుడూ ఆఖరు. ఎండలు ముదిరేదాకా నిలబడ్డ చెరుకు ఎండి బెండవుతుంది, ఫ్యాక్టరీ కాంటా మీద తేలిపోతుంది. ఎన్నేళ్ళని ఓపిక పట్టను? కానీ నీళ్ళ వంతు పటేలు వాళ్ళ చేతిలో ఉంది. బండ్లు వాళ్ళవి. ఎదురు తిరిగి ఆ ఊళ్ళో ఒంటరి ఆడది ఎట్లా బతుకుతుంది?

ఒక్క రివాజు మాత్రం ఎవరి కోసమూ మారదు. కాలిన చెరుకు ముందు. ఆకు కాలి గడ నిలబడుతుంది గానీ, నాలుగు రోజులు ఆగితే రసం పులిసిపోతుంది. అందుకే అది ఎవరిదైనా సరే, అందరి వంతూ ఆపి దాన్నే నరుకుతారు. గాలి పడిపోయిన ఒక మధ్యాహ్నం చూసి, తోట నడుమ ఎండుటాకు మీద అగ్గిపుల్ల గీశాను. నా తోట, నా చెరుకు, నా అగ్గిపుల్ల. పక్క తోటకు అంటుకుని ఉంటే? అంటుకోలేదు. దానికి ఇప్పటికీ సిగ్గుపడను.

సిగ్గు ఆ తర్వాతదానికి. ఊరంతా ఉరికొచ్చి మంటలార్పింది. ఆర్పాక కారణం వెతికారు. గట్టు మీద సఖూబాయి పొయ్యి కనబడింది. ముఠాకు వంట చేసేది ఆమే. నేను నిప్పు పెట్టడానికి పోతూ పోతూ ఆమె గుడిసె దగ్గర ఆగి నీళ్ళు తాగాను. ఆమే చెంబు అందించింది. పటేలు ముఠాను నిలబెట్టి తిడుతుంటే ఆమె నావైపు తిరిగింది. సరిహద్దు మనిషి, మన మాట వచ్చు.

"అక్కా, పొద్దుగాల్నే పొయ్యి ఆర్పిన. నువ్వు నా కాడికొచ్చి నీళ్ళు తాగినవ్ గద, సూసినవ్. జెర చెప్పక్కా."

ఊరంతా నా నోటివైపే చూసింది.

"నేనేం సూడలే" అన్నాను.

ఆ పూటే ముఠాను వెళ్ళగొట్టారు. మరి నా చెరుకు? ఊరే నరికింది. మొగుడు పోయినప్పటి నుంచి నా గడప తొక్కని ఆడవాళ్ళు కత్తులు పట్టుకుని దిగారు. పటేలు భార్య తన చేత్తో అన్నం కలిపి ముద్ద పెట్టి, మేము లేమా అన్నది. ఆ ముద్ద గొంతు దిగలేదని రాస్తే బాగుంటుంది. కానీ దిగింది. ఊరు నా పక్కన నిలబడితే ఎట్లా ఉంటుందో ఆ రోజే తెలిసింది, అది పోగొట్టుకోవడం ఇష్టం లేకే ఆ తర్వాత కూడా నోరు మూసుకున్నాను. వాళ్ళకు నా మీద జాలి పుట్టిందా, పరాయివాళ్ళ మీద కోపం నా తోటలో తీర్చుకున్నారా? నాకప్పుడు ఏదైనా ఒకటే.

మరుసటేడు కొత్త ముఠా వచ్చింది. నా వంతు మళ్ళీ ఆఖరే. ఎక్కడేసిన గొంగళి అక్కడే.

సఖూబాయి వాళ్ళను చుట్టుపక్కల ఏ ఊరూ మళ్ళీ పిలవలేదట. నిప్పు పెట్టేవాళ్ళని పేరు పడింది. బోధన్ అంగట్లో మరాఠీ మాట వినబడితే ఇప్పటికీ తల తిప్పి చూస్తాను. దొరికితే ఏం చేస్తాను? కాళ్ళు పట్టుకుంటానా? ఏమో. పక్కన మా ఊరివాళ్ళుంటే మళ్ళీ తెలియనట్టే పోతానేమో. నా సంగతి నాకు తెలుసు.

నా పేరు ఇక్కడ రాయలేదు. ధైర్యం చాలకే. నీళ్ళ వంతు ఇంకా వాళ్ళ చేతిలోనే ఉంది, రేపు నేను పోతే మోయవలసింది కూడా వాళ్ళే. అయినా పేరెందుకు? ఆ ఏడు మా ఊళ్ళో కాలిన తోట ఒక్కటే. దాన్ని నరికినవాళ్ళలో చాలామంది బతికే ఉన్నారు. అది ఎవరిదో వాళ్ళకు ఒకరు చెప్పనక్కర్లేదు.

తెలియనీ.