రెండు టైర్లు బిగించనన్న రోజు

డిగ్రీ అయ్యాక ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీదున్న మా బాపు టైర్ల దుకాణంలో పనికి దిగాను. చుట్టూ కంపెనీలు, వెంచర్లు వస్తున్న రోజులవి. ఆదిబట్లలో ఉద్యోగం చేసే ఒకాయన కొత్త హైబ్రిడ్ కారులో వచ్చాడు. చలికాలంలో భార్యాపిల్లలతో ఆ కారులోనే కాశ్మీర్ వెళ్తున్నాడట. మంచు మీద పట్టు ఉండే టైర్లు రెండు తెప్పించుకుని, ముందు చక్రాలకు బిగించమన్నాడు.

“రెండే వేస్తే కాదన్నా. బ్రేక్ కొడితే ముందు ఆగుతది, వెనక జారుతది. వెనక బ్యాటరీ బరువు కూడా ఉంటది. నాలుగూ ఒక్క తీరువే ఉండాలె. అవి కూడా అక్కడికి పోయినంకనే వేసుకో, మన రోడ్ల వేడికి అరిగిపోతయి” అన్నాను.

ఆయన నవ్వి బాపు వైపు తిరిగాడు. “ఏందన్నా, ఆడపిల్లతోని చెప్పిస్తున్నవ్?”

దుకాణం నిండా జనం. బాపుకు తల తీసేసినట్టయింది. “ఆయన అడిగినట్టు బిగించు బిడ్డా!” అని గద్దించాడు.

“పిల్లలు కూసునే బండి బాపూ. నేను బిగియ్య” అని పానా కింద పెట్టేశాను.

ఆయన విసురుగా వెళ్లిపోయాడు. బాపు రెండు రోజులు నన్ను పానా ముట్టనివ్వలేదు.

నెల తర్వాత ఆ కారాయనే భార్యతో వచ్చాడు. “నీ మాటే చెవులల్ల మోగింది చెల్లె. శ్రీనగర్‌ల నాలుగూ వేయించిన. మంచుల గుట్ట దిగుతుంటే మా ముందు బండి గిర్రున తిరిగి గోడకు కొట్టుకున్నది. బ్రేక్ కొడితే మాది ఉన్నకాడనే ఆగింది” అన్నాడు. ఆమె నా చేతులు పట్టుకుంది.

మర్నాడు ఎవరో టైర్ల గురించి అడిగితే బాపు, “నన్నడగకు, మా బిడ్డనడుగు. ఆమెకే ఎరుక” అన్నాడు.

తర్వాత ఎందరో మెచ్చుకున్నారు గానీ, ఆ మాటకు పొంగినంతగా నా మనసు మళ్లీ ఎప్పుడూ పొంగలేదు.

– స్వరూప, ఇబ్రహీంపట్నం