ఓడినవాడు వండిన గుడాలు

తాండూరు నుంచి రైల్లో వచ్చిన మనిషి నేను పాఠాలు చెప్పే వికారాబాదు బడి వసారాలో నిలబడి, ముందు "తిన్నవా అమ్మా?" అని అడిగాడు. తిన్నానన్నాకే చెప్పాడు, మా మేనమామ పోయాడని. ఖాళీ కడుపున ఎవరికీ చెడు కబురు చెప్పొద్దన్నది మామ పెట్టిన పద్ధతే. తన కబురుకూ అదే అమలైంది.

మీరు ఆయన పేరు విని ఉండరు. నిజాం పాలన పోయిన మరుసటి ఏడు తాండూరు బజారులో, ఒక కందుల వ్యాపారి పాత కొట్టులో, ఆయన పార్టీ ఆఫీసు తెరిచాడు. పదేళ్లకు పైగా కార్యదర్శిగా ఉన్నాడు. గోడకు ఎవరి ఫోటో తగిలించనివ్వలేదు, తనది అసలే. "మనిషి పోతే ఫోటో మిగుల్తది బిడ్డా. నాకు పార్టీ మిగలాలె" అనేవాడు. "పార్టీ మిగుల్తది, ఇంట్ల జొన్నలే మిగలయి" అని అత్త లోపలి నుంచి అందుకునేది.

అక్కడ కార్యదర్శి ఎన్నిక గింజలతో జరిగేది. చదువు రానివాళ్లే ఎక్కువ గదా. పోటీలో ఒకరి గుర్తు కందిగింజ, ఇంకొకరిది శనగగింజ. ఎవరు కావాలో వారి గింజను తెర వెనక కుండలో వేసి రావాలి. ఓడినవాడు ఆ గింజల్ని, మరో రెండు శేర్లు కలిపి, రాత్రి నానబెట్టాలి. పొద్దున గుడాలు, అంటే గుగ్గిళ్లు, ఉడకబెట్టి, గెలిచినవాడికి మొదట తనే వడ్డించాలి. "రాత్రంతా గింజ నానుతది, కోపం గూడ నానుతది" అనేది మామ సిద్ధాంతం.

ఆ సిద్ధాంతం ఒకసారి ఆయన మెడకే చుట్టుకుంది. కోట్‌పల్లి వైపు గొర్లు కాసే ఇంటి యువకుడొకడు ఆయన్ను ఓడించాడు. ఆఫీసు తాళంచెవి మన దగ్గరే ఉంది, వేరు కుంపటి పెడదామని మామ మనుషులు ఎగదోశారు. ఆయన పోయి గింజలు నానబెట్టాడు. బాధపడలేదని నేననను, వారం రోజులు ఇంట్లో గిన్నెలు మోగాయి. గుడాల్లో ఉప్పు కూడా దండిగా పడింది. "ఓడినోని ఉప్పు గిట్లనే ఉంటది, తిను" అని గెలిచినవాడికి వడ్డించి, తాళంచెవి పక్కన పెట్టాడు.

మరుసటేడు హైదరాబాదులో చదివే ఆఫ్రికా విద్యార్థి ఒకడు బండల గనులు చూడటానికి తాండూరు వచ్చాడు. హోటలు రేడియోలో ఆఫ్రికా దేశాలకు స్వతంత్రం వచ్చిన వార్తలన్నీ విన్న మామ ఆగుతాడా? ఇంగ్లీషు తెలిసినదాన్నని నన్ను పిలిపించి, అతన్ని ఆఫీసులో చాప మీద కూర్చోబెట్టాడు.

"మీ పార్టీ పెట్టినాయన ఎన్నడన్న ఓడిండా?"

"ఆయనకు పోటీ ఎవరూ నిలబడరు" అన్నాడు అతను గర్వంగానే.

"అయ్యో పాపం. నేనైతే పోయినేడే ఓడిన" అని మామ నవ్వాడు. "పార్టీ పెట్టుడు అల్కనే నాయనా. ఇంకొకని చేతుల పెట్టుడే కష్టం. ఆయన పోతే ఎట్లనో జర ఫికర్ చెయ్యిండ్రి."

గింజల ఎన్నిక సంగతి నేను వివరించాను. అతను విని, "మా దేశంలోనూ గింజలకు కొదవ లేదు" అన్నాడు. మామ సంతోషం పట్టలేక అతని జేబు నిండా కందులు పోశాడు.

మామ పోయిన వారానికే మళ్లీ ఎన్నిక. ఆయన్ను ఓడించిన ఆ కార్యదర్శికి ఈసారి కరణ్‌కోట గని కార్మికుడు పోటీ. నాకు నిజంగా భయం వేసింది. సర్దిచెప్పడానికి మామ లేడు. ఓడినవాడు అలిగి సగం మందిని వెంటేసుకుపోతే ఆ పాత కొట్టు మళ్లీ కందుల కొట్టే అవుతుంది. కార్యదర్శి ఓడిపోయాడన్న మాట అత్త ఇంట్లో ఉన్న నాకు సాయంత్రమే తెలిసింది.

మర్నాడు పొద్దున అతను అత్త గుమ్మంలో నిలబడ్డాడు, చేతిలో మూత పెట్టిన గిన్నెతో.

"వదినె, ఓడిపోయిన. గెలిచినాయనకు పెట్టొచ్చిన. అన్న ఉంటే రుచి చూసేటోడు, నువ్వు చూడు."

అత్త నాలుగు గింజలు నోట్లో వేసుకుంది. కళ్లు తుడుచుకుంది.

"ఉప్పెక్కువైంది" అంది. ఇంకో గుప్పెడు తీసుకుని, నా చేతిలోనూ పోసింది. కందులూ శనగలూ కలిసిపోయి, అరచేతిలో ఇంకా వేడిగా ఉన్నాయి.