చించేసిన రీడింగు

ఆరేళ్లుగా ఒక కాయితం ముక్కని మోస్తున్నాను. అది నా దగ్గర లేదు. ఆ రోజే చించి కాలవలో పడేశాను. అయినా దాని బరువు తెలుస్తూనే ఉంది. ఎవరైనా నన్ను మెచ్చుకున్నప్పుడు, గోపాలపట్నం మీదుగా బస్సు వెళ్లేటప్పుడు మరీ ఎక్కువ.

మీరు నన్ను ఓదార్చాలని ఇది రాయడం లేదు. మీ జాలి నాకు అక్కర్లేదు. మీరెవరో తెలియదు కాబట్టే చెబుతున్నాను. తెలిసినవాళ్ల ముందైతే మళ్లీ అబద్ధమే ఆడతాను.

నేను పదో తరగతి తప్పినవాణ్ణి. సబ్బవరం వైపు పల్లెలకి కరెంటు ఇచ్చే ఒక చిన్న సహకార సంఘంలో మీటరు రీడర్ని. ఆదివారం వస్తే బస్సెక్కి విశాఖపట్నం లైబ్రరీకి పోయేవాణ్ణి. హార్బరులో ఓడ కూత వినిపించే గదిలో, పక్కన నిఘంటువు పెట్టుకుని, ఇంగ్లీషు పుస్తకాలు వరసకి వరస కూడబలుక్కుని చదివాను. మోటార్లు, పంపులు, నీటి ఒత్తిడి. కాలేజీలో కూర్చుని చదివినవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండేది. వాళ్ల కంటే నాకే ఎక్కువ తెలుసని గట్టిగా నమ్మాను.

అలాంటి రోజుల్లో పైనుంచి ఒక ఉత్తరం వచ్చింది. అదే నీరు తక్కువ కరెంటుతో తోడే పథకం ఒకటి తయారుచేసి పంపితే, అందుకు కావలసిన సామాను ఇస్తామన్నారు. మా సంఘంలో ఇంజినీరు ఒక్కడు, అతనికి స్తంభాలు పాతించడానికే పొద్దు చాలదు. ప్రెసిడెంటు నన్ను పిలిచి, నువ్వు పుస్తకాలు చదువుతావు కదా, నువ్వే రాయి అన్నాడు. ఆ మాటతో నా కాళ్లు నేలమీద ఆనలేదు.

మా రైతుల బావుల మీద ఐదు హార్సుపవరు మోటార్లు ఉండేవి. పుస్తకం లెక్క ప్రకారం ఆ లోతుకి మూడు చాలు. పెద్దవి తీసి చిన్నవి పెట్టాలని రాశాను. అందమైన పట్టిక గీశాను. ఎర్ర సిరాతో గీతలు కొట్టాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఎర్ర గీతల మీదే అసహ్యం పుడుతుంది.

పైడిరాజు అక్కడ అడ్డం వచ్చాడు. కాలిపోయిన మోటార్లకి తీగ చుట్టే మెకానిక్కు. అతను మంచివాడని చెప్పి మిమ్మల్ని కరిగించను. నోటిదురుసు మనిషి. చదవడం రాదు, అంకెలు మాత్రం వచ్చు. నలుగురిలో నన్ను పుస్తకాల బావ అనేవాడు. మోటార్ల జోలికి పోవద్దు, పాత ఇనప పైపులూ పైపు అడుగున నీళ్లు జారిపోకుండా ఆపే, బిగుసుకుపోయిన ఫుట్ వాల్వులూ మార్చు, కరెంటు అక్కడ పోతోంది అన్నాడు. లైను చివరి ఊళ్లో వోల్టేజీ పడిపోతుంది, పెద్ద మోటారు ఎలాగో తట్టుకుంటుంది, చిన్నది ఆ కరెంటుకి కాలిపోతుంది అన్నాడు. నేను ఆ ఊరు వెళ్లి కొలిచానని, వోల్టేజీ బ్రహ్మాండంగా ఉందని చెప్పాను. అతను నవ్వాడు. సంఘం నుంచి మనిషొస్తున్నాడని ఊరంతా మర్యాద చేసిందట. నేను కొలిచే మోటారు బాగా తిరగాలని మిగతావాళ్లంతా తమ మోటార్లు ఆపుకున్నారట. ఈసారి చెప్పకుండా రమ్మన్నాడు.

వెళ్లాను. అదే నా నేరానికి మొదలు. వెళ్లకపోయి ఉంటే తెలియక చేశాననే మాటైనా మిగిలేది. నాట్ల రోజులు. మిట్టమధ్యాహ్నం. అన్ని బావుల మీదా మోటార్లు తిరుగుతున్నాయి. పైడిరాజు వైర్లు పట్టుకున్నాడు, నేను మీటరు చూశాను. ముల్లు ఎక్కడ ఆగిందో ఇప్పుడే రాయలేను. చెయ్యి రావడం లేదు. కాయితం మీద మాత్రం ఆ రోజు రాసుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు కాలవ గట్టు మీద సైకిలాపి, ఆ కాయితాన్ని చాలాసేపు చూశాను. అది నిజమైతే నా పట్టిక మొత్తం తప్పు. అంతకంటే ఘోరం, పైడిరాజు ఒప్పు. నాకు భరించరానిది ఏది? పట్టిక పోవడమా, అతను గెలవడమా? నిజం చెప్పాలంటే రెండోదే. చించేశాను. పట్టిక మార్చకుండా అలాగే పైకి పంపాను.

కొత్త మోటార్లు లారీలో వానకి తడిసి వచ్చాయి. బిగించే పని పైడిరాజుకే ఇచ్చారు. ఒకటి బాగా నానిపోయింది. విప్పి ఎండబెట్టు అని నేనే చెప్పాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేనే చెప్పాను.

మరుసటి ఏడు నాట్లకి లైను చివరి ఊళ్లో ఆ మోటార్లు ఒకదాని వెంట ఒకటి కాలిపోయాయి. నారు మళ్లలోనే ఎండింది. రైతులు మా ఆఫీసు మీద పడ్డారు. ప్రెసిడెంటు వరండాలో కుర్చీలు వేయించి అందరినీ కూర్చోబెట్టాడు. పైడిరాజు నిలబడే ఉన్నాడు. నా వైపు తిరిగి అడిగాడు.

"బావా, ఆ రోజు నువ్వొచ్చి సూసినావు గదా. మీటరెంత సూపిందో ఈళ్లకి సెప్పు."

"ఏ రోజు?" అన్నాను.

"నాను పక్కనే ఉన్నాను గదేటి. రాసుకున్నావు కూడా."

"అలాంటి కాయితమేదీ నా దగ్గర లేదు."

ఆ మాట నిజమే. చూశారా, నిజాన్ని ఎలా వాడుకున్నానో.

"కాయితం లేదా? సరే. కళ్లున్నాయి గదా, బావా."

ఎవరో పక్కున నవ్వారు. ఆ నవ్వు నా మీదే. లేచి నిలబడి ప్రెసిడెంటుతో అన్నాను: "కొత్త మోటారు విప్పిందెవరో అడగండి. విప్పాక లోపల ఏ తీగ పెట్టాడో ఎవరు చూశారు?"

అంతే. దొంగ అనలేదు. రాగి తీగ తీసి అమ్ముకున్నాడని అనలేదు. ఊరికే అడిగాను. ఎన్నేళ్లు ఈ సాకుతో నిద్రపోయాను! అడిగినంత మాత్రాన నేరమవుతుందా అని నన్ను నేను ఎన్నిసార్లు సమర్థించుకున్నానో లెక్కలేదు. కానీ ఆ ప్రశ్న ఎవరి మెడకి చుట్టుకుంటుందో తెలియకుండా అడిగానా? తెలిసే అడిగాను. దానికోసమే అడిగాను.

పైడిరాజు నా వైపు చూశాడు. విప్పమన్నది నువ్వే కదా అని అంటాడనుకున్నాను. అనలేదు. ఎందుకనలేదో ఇప్పటికీ తెలియదు. అన్నా ఎవరూ నమ్మరని తెలిసిపోయిందేమో. కండువా దులుపుకుని మెట్లు దిగాడు.

ఆ తర్వాత ఎవరూ అతని దగ్గరికి మోటారు తీసుకుపోలేదు. షాపు మూతపడింది. సంఘం మళ్లీ పథకం రాయమంది. ఈసారి పైపులు, ఫుట్ వాల్వులు అని రాశాను. పైడిరాజు నోటి మాటలే, నా దస్తూరీలో. పథకం బాగా నడిచింది. నన్ను సూపర్‌వైజర్ని చేశారు. పక్క జిల్లాల చిన్న సంఘాలవాళ్లు వచ్చి, ఇదెలా ఆలోచించారు సార్ అని అడుగుతారు. లైబ్రరీలో చదివానని చెబుతాను.

పైడిరాజు ఇప్పుడు గోపాలపట్నంలో వేరేవాళ్ల షాపులో కూలికి తీగ చుడుతున్నాడు. బస్సు కిటికీలోంచి కనిపిస్తాడు. గోనెసంచి మీద కూర్చుని, చుట్లు లెక్కపెట్టుకుంటూ. ఒకసారి బస్సు సరిగ్గా అక్కడే ఆగింది. తలెత్తి చూశాడు. నన్ను గుర్తుపట్టాడు. మళ్లీ తల దించి చుట్టుకున్నాడు. దిగుదామా అనుకున్నాను. దిగలేదు. రేపు దిగుతానని మీకు మాట కూడా ఇవ్వను. నా సంగతి నాకు తెలుసు.

కానీ ఆ కాయితం మాత్రం మళ్లీ రాయగలను. రాస్తున్నాను.

లైను చివరి ఊరు. నాట్ల రోజులు. మిట్టమధ్యాహ్నం. నాలుగు వందల పైన ఉండాల్సిన వోల్టేజీ, రెండు వందల ఎనభై. చూసింది నేను. వైర్లు పట్టుకున్నది పైడిరాజు. మోటారు విప్పమన్నది నేను. విప్పినప్పుడు చూసిందీ నేనే. లోపల ఉన్నది కంపెనీ చుట్టిన తీగే.