పదకొండింటికి మోగే పట్టా

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నా నోరు ఏనాడూ మంచిది కాదు. పైగా చేతిలో కలం కూడా ఉండేది. ఆ రెండూ కలిసి మా వరసలోని పది ఇళ్ళకు ఏం తెచ్చిపెట్టాయో చెబుతాను.

డెబ్బైల మొదట్లో మాట ఇది. పాచిపెంట దాటాక కొండ మొదట్లో రాళ్ళ క్వారీ ఒకటుండేది. ఘాటు రోడ్డు వెడల్పు చేయడానికి కొండను పేల్చి కంకర కొట్టేవారు. మా ఆయన అక్కడ కూలీల హాజరు మస్తరు రాసే గుమాస్తా. క్వారీకి కూతవేటు దూరంలో పది పెంకుటిళ్ళు ఒకే వరసన ఉండేవి. సాలూరు బజారు సందడిలో పెరిగిన నేను పెళ్ళయిన నెలకే అక్కడికొచ్చి పడ్డాను.

పేలుడు రోజూ పన్నెండింటికి. దానికి ఐదు నిమిషాల ముందు ఒకతను ఎర్రజెండా ఊపుతూ ఈల వేసేవాడు. ఆ ఈల వినగానే ఆడవాళ్ళం పొయ్యి మీది ఎసరు దించి, బల్ల మీది గిన్నెలూ బిందెలూ నేల మీద పెట్టి, పిల్లల్ని గోడవారకు లాక్కుని చెవులు మూసేవాళ్ళం. ఢామ్మనేది. పెంకుల సందుల్లోంచి దుమ్ము రాలేది. ఆ క్వారీవాళ్ళ వంశాన్ని నాలుగు తిట్లు తిట్టుకుని మళ్ళీ ఎసరు పెట్టుకునేవాళ్ళం. అక్కడితో సరి.

ఒకనాడు తలకాయంత రాయి పెంకులు పగలగొట్టుకుని మా వంటింట్లో పడింది. నా పక్కనున్న నీళ్ళకుండ ముక్కలైంది. నాకప్పుడు ఏడో నెల. భయం కంటే ముందు ఒళ్ళు మండింది. వరసలో చదువొచ్చిన ఆడది నేనొక్కతెనే. తెల్లకాగితం తీసి అర్జీ రాశాను. సామాన్లు దించుకుని పిల్లల్ని చేరదీసుకోవడానికి ఐదు నిమిషాలు చాలడం లేదు, గంట ముందుగా హెచ్చరిక ఇప్పించాలి అని. పది ఇళ్ళ ఆడవాళ్ళ చేతా వేలిముద్రలు వేయించాను. క్వారీ సూపర్‌వైజరు అది చదివి, "ఇంతేనా? ఇది మనకేం కష్టం" అని నవ్వాడట. మర్నాడే వేపచెట్టుకు రైలు పట్టా ముక్క ఒకటి వేలాడదీశారు. ఈల మానేసి, పదకొండింటికి దాన్ని ఇనుప రాడ్డుతో పదిసార్లు కొట్టేవారు.

పక్కింటావిడ నా నోట్లో బెల్లం ముక్క పెట్టింది. "ఓలమ్మ, నీ సెయ్యి సల్లగుండ! ఇంక మనకి బెంగ నేదు" అంది. నేను పొంగిపోయాను.

కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో వారం తిరిగేసరికి తెలిసింది. పదకొండింటికి పట్టా మోగేది. గిన్నెలు దించడానికి ఐదు నిమిషాలు చాలు. మిగతా యాభై ఐదు నిమిషాలూ ఏం చెయ్యాలి? ఎసరు పెట్టలేం. చేట పట్టలేం. పిల్లలు గోడకు ఆనుకుని కూర్చునేవారు. పక్కింటావిడ అత్తగారు రోజూ ఆ వేళకే వాంతి చేసుకునేది. ఇంకొన్నాళ్ళకు పది గంటలకే అందరం గిన్నెలు దించేయడం మొదలుపెట్టాం. పేలాక కూడా సాయంత్రం దాకా గుండె దడ దిగేది కాదు.

అలాంటి రోజుల్లో నాకు ఆడపిల్ల పుట్టింది. మొదటి నెల పుట్టింట్లో ఉన్నప్పుడు పాలు బాగానే పడ్డాయి. వరసకు తిరిగొచ్చిన పది రోజులకు తగ్గాయి. తర్వాత అసలే లేవు. మా అమ్మ వెల్లుల్లి కారం పంపింది, మునగాకు వండుకోమంది, ఎండు సొరచేప పంపింది. అన్నీ తిన్నాను. పిల్ల నోరు పెట్టి రెండు గుక్కలు లాగి, ముఖం తిప్పుకుని ఏడ్చేది. డబ్బాపాలు పడితే విరేచనాలు. మూడో నెలకు దాని మెడ నా రెండు వేళ్ళంత అయిపోయింది. ఇది దక్కదు అని మా ఆయన ముఖంలో రాసి ఉండేది. పైకి అనలేదంతే.

కొండ మీంచి విస్తళ్ళు కుట్టే అడ్డాకులూ చీపుళ్ళూ తెచ్చి అమ్మే ఒకావిడ మా ఇంటికి వచ్చేది. అక్కా అన్నట్టు నేను అప్పా అనేదాన్ని. ఒకరోజు ఆమె గుమ్మంలో ఉండగానే పట్టా మోగింది. నేను గిన్నెలు దించి, పిల్ల చెవులు రెండు చేతులతో మూసి గోడవార కూర్చున్నాను. ఆమె ఆకుల మోపు దించకుండా నన్నే చూసింది.

"ఎప్పుడు పేలుద్ది?"

"పన్నెండింటికి."

"మరిప్పట్నించీ ఏటి సేత్తన్నావు?"

ఏడుపొచ్చింది. పాలు ఇంకిపోయాయని చెప్పాను.

"ఇంకిపోనేదమ్మా. బెదిరిన ఆవు పాలు సేపుద్దేటి? నువ్వూ అంతే. గుంటనెత్తుకుని బేగి నడు."

మా ఆయన అభ్యంతరం చెప్పలేదు. ఆమె వెంట కొండ ఎక్కి, అవతలి వాలులో ఉన్న వాళ్ళ ఊళ్ళో దిగాను. అక్కడికి పట్టా చప్పుడు వినిపించదు. పేలుడు మాత్రం ఎక్కడో గోనెబస్తా దించినట్టు వినబడుతుంది. మొదటిరోజు ఎండ చూసి పదకొండయిందని నా భుజాలు వాటంతటవే బిగుసుకున్నాయి. అప్ప నా ముందు చీపురు గడ్డి పడేసి, "కూకుని కట్టు" అంది. రాగుల చోడంబలి పోసింది, అంతకు మించి మందూ లేదు, మంత్రమూ లేదు. మూడోనాడు గడ్డి కడుతుంటే రవిక తడిసింది. పిల్ల గుటకలు వేస్తున్న చప్పుడు నా చెవులతో విన్నాను. అప్ప కాళ్ళు పట్టుకున్నాను. "సాల్లే, సంబడం" అని విదిలించేసింది.

తిరిగొచ్చి రెండో అర్జీ రాశాను. పట్టా తీసేసి, పాత ఈలే వేయించండి అని. ఒక్కతె కూడా వేలిముద్ర వెయ్యలేదు. బెల్లం పెట్టిన పక్కింటావిడే నా మీదికి లేచింది. "కొంపలో గడియారమూ నేదు, గంట నేకపోతే ఎప్పుడు పేలుద్దో ఏటో అని తెల్లారినకాడ్నించీ సావాలా? నువ్వే తెప్పించి నువ్వే తీసేత్తావా?" ఆమెదీ న్యాయమే. సూపర్‌వైజరు నా మొదటి కాగితమే తీసి నా ముందు పెట్టాడు. "ఈ చేతిరాత మీదే కదమ్మా?"

నాదే.

ఇక రోజూ పది గంటలకే వంట ముగించి పిల్లనెత్తుకుని కొండ ఎక్కేదాన్ని. అప్ప పొలం గట్టున కూర్చుని పాలిచ్చి, పేలుడయ్యాక దిగేదాన్ని. "కొండదొరసాని ఎల్తంది సూడండ్రా" అని వరసంతా నవ్వేది. నవ్వనీ. పిల్ల అన్నం తినడం నేర్చేదాకా మానలేదు. అది బతికింది. తర్వాత మేమూ అందరిలాగే గోడవార కూర్చున్నాం. పిల్లకు మూడున్నరేళ్ళప్పుడు మా ఆయనకు కురుపాం వైపు పని దొరికింది. ఆ వరసను వదిలి వచ్చేశాం.

భయం ఎడతెగని చోట బతికితే ఒంట్లో ఏదో హార్మోను ఊరుతుందనీ, అది పాలను కూడా ఆపుతుందనీ చాలా ఏళ్ళ తర్వాత ఒక డాక్టరమ్మ చెప్పింది. పేరు ఇప్పుడొచ్చిందేమో గానీ జబ్బు మేం అప్పుడే పడ్డాం. అప్ప ఏ చదువూ లేకుండానే కనిపెట్టింది. పిల్లను ఆ భయం దాటించేశానని నేను అనుకున్నాను. అదే నా పొరపాటు.

ఐదో ఏట కురుపాంలో బడిలో వేశాం. మొదటిరోజు దిగులుగా ఉండి కిటికీ బయటే నిలబడ్డాను. ఆ బడికీ రైలు పట్టా ముక్కే గంట. తిండి వేళకు బంట్రోతు దాన్ని మోగించగానే పిల్లలంతా కేకలేస్తూ బయటికి పరిగెత్తారు. నా కూతురు లేచి బల్ల మీది పలకనూ మంచినీళ్ళ గ్లాసునూ జాగ్రత్తగా నేల మీద పెట్టింది. పక్కనున్న చిన్నపిల్లను గోడవారకు లాక్కుని, రెండు చేతులతో దాని చెవులు మూసి కూర్చుంది. ఏడవడం లేదు. చేతనైన పని చేస్తున్నట్టు ఉంది దాని ముఖం.

నేను లోపలికి పరిగెత్తి దాని ఎదుట కూలబడ్డాను. "ఏం చేస్తున్నావే తల్లీ?"

చేతులు తియ్యకుండానే నా వైపు చూసింది.

"గంట కొట్టారు కదమ్మా. ఇంకా పేల్లేదేటి?"